సూళగిరి–హోసూరు అడవుల చరిత్ర పత్రాలు

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో, తెలుగువారు ఎక్కువగా ఉండే సూళగిరి, హోసూరు ప్రాంతాల అడవుల పాలనకు సంబంధించిన పాత ప్రభుత్వ కాగితాలు. వీటిలో ముఖ్యమైనవి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాల భాండాగారంలో ఉన్నాయి.

1792లో కృష్ణగిరి చుట్టుపక్కల బారామహల్ ప్రాంతం, 1799లో హోసూరు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. బారామహల్‌ను కంపెనీ తరపున పాలించిన అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో కాలం నాటి పత్రాలు ‘బారామహల్ రికార్డ్స్’గా అచ్చయ్యాయి. అయితే అవి ప్రధానంగా శిస్తు లెక్కలు. వాటిలో అడవి ప్రసంగవశాత్తు వచ్చే ప్రస్తావనే. 1856లో హ్యూ క్లెగార్న్ మద్రాసు అటవీ సంరక్షకుడయ్యాక అడవికి వేరే దస్త్రాలు మొదలయ్యాయి.

అసలు సరుకు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తర్వాతిది. రిజర్వు చేయదలచిన అడవికి 4వ సెక్షను కింద ప్రకటన వెలువడేది. సెటిల్‌మెంట్ అధికారి రైతుల దావాలు విచారించేవాడు: బాట ఎవరిది, నీటి హక్కు ఎవరిది, పశువులు ఎక్కడ మేయాలి. అవన్నీ తేలాక 16వ సెక్షను కింద తుది ప్రకటన. పై అధికారుల నివేదికల కంటే ఈ విచారణ కాగితాలే విలువైనవి. ఊరివాళ్ల మాట కాస్తయినా వినిపించేది వీటిలోనే. హెచ్. లె ఫాను రాసిన సేలం జిల్లా మాన్యువల్ (1883) వీటికి మంచి తోడు.

ఈ ప్రాంతం 1965 వరకు సేలం జిల్లాలో, తర్వాత 2004 వరకు ధర్మపురి జిల్లాలో ఉండేది. కాబట్టి పాత పత్రాలు వెతికేవారు కృష్ణగిరి జిల్లా పేరుతో కాక, సేలం జిల్లా, హోసూరు తాలూకా పేర్లతో అడగాలి.