మీటరు లెక్కా, నెల చందానా?

కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కు వాడినంత ధర పెట్టాలా, నెలకు ఒకే ధర పెట్టాలా అన్న చర్చ కొత్తదని మీకు అనిపించవచ్చు. 1996 నాటి అమెరికాను చూడండి. అమెరికా ఆన్‌లైన్ సంస్థ అప్పటిదాకా నెలకు 9.95 డాలర్లకు 5 గంటల ఇంటర్నెట్ ఇచ్చి, ఆపైన గంటకు 2.95 డాలర్లు వసూలు చేసేది. పోటీ పెరగడంతో ఆ డిసెంబరులో 19.95 డాలర్లకే అపరిమిత వాడకాన్ని ప్రవేశపెట్టింది.

గడియారం చూసుకుంటూ వాడినవారు ఇక లైను వదలలేదు. మోడెములు చాలలేదు, ఎన్నిసార్లు డయల్ చేసినా ఎంగేజ్ శబ్దమే. దావాలు పడ్డాయి. పలు రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కలగజేసుకోగా, 1997 జనవరిలో సంస్థ డబ్బు వాపసుకు ఒప్పుకుంది. ధర పెట్టని హద్దును ఎంగేజ్ శబ్దం పెట్టిందని గమనించండి. అయినా సంస్థ మళ్లీ గంటల లెక్కకు పోలేదు. మోడెములు పెంచింది, 1998లో చందాను 21.95 డాలర్లు చేసింది.

అది సాధ్యమైందంటే, మోడెము ఒకసారి బిగించాక అదనపు గంటకు అయ్యే ఖర్చు స్వల్పం. కృత్రిమ మేధ అలా కాదు. ప్రతి జవాబుకూ ఖరీదైన చిప్‌లు పనిచేయాలి, కరెంటు కాలాలి. ఓపెన్ఏఐ 2020లో డెవలపర్లకు టోకెన్ల లెక్కన అమ్మింది; 2023 ఫిబ్రవరిలో సామాన్యులకు చాట్‌జీపీటీ ప్లస్‌ను 20 డాలర్ల నెల చందాకు ఇచ్చింది. జీపీటీ-4 రాగానే చందాదారులకూ సందేశాల పరిమితి తప్పలేదు.

చందా బిల్లు భయాన్ని తీస్తుంది, నిజమే. కాని విపరీతంగా వాడేవారి ఖర్చును తక్కువగా వాడేవారో, సంస్థో మోయాలి. 200 డాలర్ల చందాపై కూడా నష్టమే వస్తోందని 2025 జనవరిలో ఆ సంస్థ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ స్వయంగా చెప్పారు.