బొంబాయి రేవులో ఒక సుంకం, కరోడ్‌గిరి నాకాలో మరొకటి

1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోవడంతో నిజాం రాజ్యానికి సముద్రతీరం లేకుండా పోయింది. 1802 వాణిజ్య ఒప్పందంలో మచిలీపట్నం రేవును వాడుకునే వీలు దక్కింది. అడుగడుగునా గుంజే రాహదారీ సుంకాలు తీసేసి, సరుకు విలువ మీద 5 శాతం పన్ను ఖాయం చేశారు. వర్తకులకు అది మేలే. కానీ రేవు ఎవరిదో పెత్తనం వారిదే. ఆ పెత్తనం బరువు ఎంతో దూరాన తెలంగాణలో ఉన్న కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్ల దాకా ఎలా వచ్చిందో లెక్క తీయాలి.

1900 ప్రాంతంలో గోదావరి లోయ రైలుమార్గం హైదరాబాదును మన్మాడుతో కలిపింది. దాని మీదే కామారెడ్డి స్టేషన్ వెలిసింది. ఆ దారిన బొంబాయి రేవు నుంచి వచ్చే ఒక మాంచెస్టరు గుడ్డల బేలు ప్రయాణం చూడండి. బొంబాయిలో దిగగానే బ్రిటిష్ ఇండియా ఖజానాకు దిగుమతి సుంకం కట్టాలి. 1896లో అది మూడున్నర శాతం, 1921కల్లా 11 శాతం. మన్మాడులో పెద్ద గేజు బండి నుంచి దించి మీటర్ గేజు వ్యాగన్లకు ఎక్కించాలి. నిజాం సరిహద్దు దాటితే అక్కడి కస్టమ్స్ శాఖ అయిన కరోడ్‌గిరి వారి 5 శాతం. కామారెడ్డిలో దిగిన బేలును ఎడ్లబండి మీద లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి చేర్చాలి. ఈ ఖర్చులన్నీ చివరికి పడేది ఎల్లారెడ్డి అంగట్లో గుడ్డ కొనే రైతు మీదే. బొంబాయిలో కట్టిన సుంకంలో ఆయన ఊరికి, ఆయన రాజ్యానికి పైసా రాదు.

నిజాం కూడా పన్ను వేశాడు కదా, తప్పంతా రేవు వారిదేనా అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కరోడ్‌గిరి భారం తక్కువేమీ కాదు. అయితే ఆ డబ్బు రాజ్యంలోనే ఉండేది, దాన్ని తగ్గించమని అడగడానికి ఒక దర్బారు ఉండేది. బొంబాయి సుంకాన్ని ప్రశ్నించడానికి హైదరాబాదుకే చోటు లేదు. బ్రిటిష్ ప్రభుత్వానికి, సంస్థానాలకు మధ్య సంబంధాలను పరిశీలించిన బట్లర్ కమిటీ సైతం 1929లో కస్టమ్స్ ఆదాయంలో సంస్థానాల వాటా కోరికకు బలముందని ఒప్పుకుంది. ఆ వాటా మాత్రం రాలేదు.

రైలు వల్ల లాభమే జరిగింది కదా అన్నది ఇంకో మాట. జరిగింది, కానీ కామారెడ్డికి. ఎల్లారెడ్డి వెనుకబాటుకు నీటి కొరతే కారణమనలేం. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆ ఊరికి దగ్గర్లోనే మంజీర మీద ఉంది. నీళ్లు దగ్గర్లోనే ఉన్నా బెల్లం మార్కెట్టుకు పేరొచ్చింది స్టేషన్ ఉన్న కామారెడ్డికే. దారి ఎటు పోతే బేరం అటే పోతుంది.

పోల్చి చూడటానికి నేపాల్ ఉంది. దానికీ తీరం లేదు. 1960లో భారత్‌తో కుదిరిన వాణిజ్య, రవాణా ఒప్పందం ప్రకారం కలకత్తాలో దిగి నేపాల్ వెళ్లే సరుకుకు భారత కస్టమ్స్ సుంకం లేదు. ఇదే ఏర్పాటు 1900లో హైదరాబాదుకు చేసి ఉంటే ఎల్లారెడ్డి రైతు గుడ్డకు ఒక్క పన్నే కట్టేవాడు. అలా చేయకపోవడానికి సాంకేతిక అడ్డంకి ఏదీ లేదు, రేవును పట్టుకున్న వారికి ఇష్టం లేకపోవడమే కారణం.