తాండూరు బండ – సొరచేప పన్ను

మీ యింట రేడియో బల్ల క్రింద పరచినది తాండూరు బండయే యైనచో, మీరొక ప్రాచీన సముద్రపు టడుగున కూర్చుండి ఈ ప్రసంగమును వినుచున్నారు. ఆ నాపరాయి ఒకనాటి కడలిలో పేరుకొనిన సున్నపు బురద. ఆ కడలిలో సొరచేపలు తిరిగెనా యని పిల్లలడుగుదురు. తిరుగలేదు. సొరజాతి పుట్టి 40 కోట్ల యేండ్లు దాటినది. ఆ రాయి యేర్పడునాటికి అదియు పుట్టలేదు.

సొరకు ఎముకలు లేవు. దాని కంకాళమంతయు మృదులాస్థి. చచ్చిన పిమ్మట శిథిలమైపోవును. మిగులునవి ముఖ్యముగా పండ్లు. దవడయందవి వరుసలుగా నుండును. ముందటిది ఊడినచో వెనుకటిది జరిగి వచ్చును. ఒక్క చేప తన జీవితమున వేలకొలది పండ్లను రాల్చును. కనుక వాని చరిత్రను పండ్లను బట్టియే వ్రాసికొనవలసి యున్నది.

పండ్లను బట్టి చరిత్ర తెలియుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. వికారాబాదునకు చేరువనున్న నస్కల్‌లో, లావా పొరల నడుమ చిక్కిన మట్టినుండి రాక్షసబల్లుల కాలపు చిన్న క్షీరదము పండ్లను వెలికితీసి 1988లో ప్రకటించిరి. మారేపల్లి, ఆసిఫాబాదులయందు సొరకు దాయాదియైన టేకుచేప పండ్లు దొరకినవి; 1993లో వానిని వర్ణించిరి.

బ్రదికియున్న పెద్దసొరకై తూర్పుతీరమునకు పోవలయును. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచటి 200 చేపలకు బొమ్మలు వ్రాయించి, 1803లో లండనులో గ్రంథముగా వెలువరించెను. జాలరుల నోటి పేర్లనే అందు చేర్చెను. ‘పాలసొర’ యను పేరు అట్లే శాస్త్రగ్రంథముల కెక్కినది. దాని మాంసము తిన్న బాలింతకు పాలు పడునని జనుల నమ్మకము.

అది చిన్న సొర. పులిసొర మాటయే వేరు. 5 మీటర్ల దాక పెరుగును. పిల్లప్రాయమున చారలు స్పష్టముగా నుండి, పెరిగినకొలది మాయును. కోడిజుట్టువలె వంగి, రంపపుటంచు గల దాని పన్ను తాబేటి చిప్పను సైతము కోయును. ముట్టెమీది సన్నని రంధ్రములతో ఇతర ప్రాణుల దేహములందలి స్వల్ప విద్యుత్తును పసిగట్టును. మనుష్యుని కరచిన సందర్భములు లేకపోలేదు గాని, మనము దాని నిత్యాహారము కాము. గ్రుడ్లు గర్భముననే పొదుగబడి, ఒక్క కాన్పున 10 మొదలు 80 వరకు పిల్లలు పుట్టును. కాని కాన్పు ప్రతి యేడును రాదు. పిల్ల యీడేరుటకును ఏండ్లు పట్టును.

వల అంతకాలము ఆగదు. రెక్కల వర్తకమువలన లోకమంతట సొరలు తరిగినవి. రెక్కలు కోసి దేహమును కడలిలో పారవేయుటను 2013లోను, రెక్కల ఎగుమతిని 2015లోను భారత ప్రభుత్వము నిషేధించినది. మాంసమునకై పట్టుట మాత్రము సాగుచునే యున్నది. ఈనబోవు తల్లిసొరయు ఆ వలలోనే పడును.