పొదిలి ఎద్దులు, నల్లగొండ పిల్లలు

మొన్న సంఘం సమావేశం అయ్యాక టీ దగ్గర మోకాళ్ల నొప్పుల మాట వచ్చింది. మనలో సగంమందిమి అరవై దాటినవాళ్లమే కదా, ఆ మాట రాని రోజు లేదు. "ఎముక గట్టిగా ఉంటే చాలు" అని ఒక పెద్దాయన తేల్చేశారు. ఇంటికొచ్చాక ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఎముక మరీ గట్టిపడి మనుషులు మంచాన పడ్డ చరిత్ర మన తెలుగునాట ఉంది.

ముందు ఎముక ఎలా తయారవుతుందో కాస్త చెప్పుకుందాం. తల్లి కడుపులో బిడ్డ చేతులూ కాళ్లూ మొదట మెత్తటి మృదులాస్థితో రూపుకడతాయి. తరవాత ఎముకను కట్టే కణాలు అక్కడికి చేరి కొలాజెన్ అనే పోగులు పరుస్తాయి. ఆ పోగుల మధ్య కాల్షియం, ఫాస్ఫేటు స్ఫటికాలుగా పేరుకుంటాయి. నేతగాళ్ల ఊరివాళ్లం కాబట్టి మన భాషలో చెప్పాలంటే, ముందు పడుగు, ఆ తరవాత గంజి. పోగు వల్ల ఎముకకు సాగే గుణం, గంజి వల్ల బిగువు. కట్టే కణాలతో పాటు కరిగించే కణాలూ ఉంటాయి. పాత ఎముకను ఇవి తొలుస్తుంటే, అవి కొత్తది వేస్తుంటాయి. పెద్దవాళ్లలో కూడా ఏడాదికి దాదాపు పదో వంతు ఎముక ఇలా మారిపోతూనే ఉంటుంది. అందుకే మనం తాగే నీళ్లలో ఏముందో ఎముకకు తెలిసిపోతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీని విడిచింది. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే, 1937లో, ఆ ప్రెసిడెన్సీలోని పొదిలి, దర్శి ప్రాంతాల గురించి మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికల్లో రాశారు. అప్పట్లో ఆ ఊళ్లు నెల్లూరు జిల్లావి. నిజానికి జబ్బును ముందు పసిగట్టింది డాక్టర్లు కాదు, రైతులు. దుక్కిటెద్దులు కొన్నాళ్లకే కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం వాళ్లు గమనించారు. మనుషుల్లోనూ అంతే. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, ఆపైన మెడ తిరగదు, నడుము వంగదు. కొందరికి వెన్నుపాము నలిగి కాళ్లే పడిపోయేవి. కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్.

వింత ఏమిటంటే, ఎక్స్‌రేలో ఆ వెన్నెముకలు మామూలు వాటికంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. ఫ్లోరైడ్ ఎముక స్ఫటికంలోకి దూరి కూర్చుంటుంది, కట్టే కణాలను అదేపనిగా ఎగదోస్తుంది. ఎముకలను కలిపే పట్టీలు కూడా సున్నం పట్టి ఎముకలైపోతాయి. గంజి ఎక్కువైన బట్ట మడతపెట్టిన చోట విరుగుతుంది చూడండి, ఈ ఎముకా అలాంటిదే. చూడ్డానికి దిట్టం, లోపల పెళుసు.

తరవాతి కథ నల్లగొండది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అక్కడి పిల్లల్లో, కుర్రాళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. వాళ్లకు వెన్నెముక గట్టిపడింది, కాళ్ల ఎముకలు మాత్రం పలచబడ్డాయి. నాగార్జునసాగర్ నిండాక చుట్టుపక్కల భూగర్భజలం పైకొచ్చి, జొన్నలో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి తగ్గడం దీనికి తోడైందని ఆ తరవాత ఒక వాదన వచ్చింది. కరువు తీర్చడానికి కట్టిన ఆనకట్ట ఇలా కూడా పనిచేసిందేమో అనుకుంటే మాకు మనసు చివుక్కుమంది. ఎదిగే వయసులో వంగిన కాలు మంచినీళ్లు వచ్చినంత మాత్రాన నిటారు కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే ఉంది. ఒక ఊరి పేరు అలా నిలవాలని ఎవరు కోరుకుంటారు?

మన గంజాం నీళ్లు చెడ్డవని మేము అనడం లేదు. ఋషికుల్య తాగి పెరిగినవాళ్లం. కానీ బరంపురం చుట్టూ కొత్త లేఅవుట్లలో ఇల్లు కట్టుకునే మనవాళ్లు చాలామంది బోరు వేయించి, నీళ్లు తియ్యగా ఉన్నాయని సంబరపడుతున్నారు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలిసే రుచీ లేదు. కాచితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. బోరు ఉన్నవాళ్లు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో, గాజు సీసాలో వద్దు, నీళ్లు పట్టి పరీక్షకు ఇవ్వండి. వచ్చిన అంకె వచ్చే సమావేశానికి పట్టుకురండి, అందరివీ ఒకే కాగితం మీద రాసుకుందాం.