కాగితపు పడవ నడచిన దారి

వానకాలములో వీధి కాలువలో కాగితపు పడవను విడిచి, దాని వెంట పరుగెత్తని బాల్యము మన ఇండ్లలో అరుదు. మూడవ ఇంటి అరుగు దాటకుండగనే ఆ పడవ తడిసి, మెత్తబడి, మునిగిపోవును. అట్టిచో, ఒక పెద్దమనిషి కాగితముతో చేసిన పడవలో కూర్చుండి వందలకొలది మైళ్లు ప్రయాణము చేసెనన్నచో ఎవరు నమ్ముదురు? కాని అది నిజముగా జరిగిన కథయే.

ఆయన పేరు నథానియేల్ బిషప్, అమెరికా దేశస్థుడు. 1874వ సంవత్సరము జూలై నెలలో కెనడాలోని క్యూబెక్ నగరమునుండి ఒక బరువైన కొయ్య పడవలో, సహాయకునితో కూడ, దక్షిణమునకు బయలుదేరెను. న్యూయార్క్ రాష్ట్రములోని ట్రాయ్ పట్టణము చేరునప్పటికి, అక్కడ కాగితముతో పడవలు తయారుచేయువారున్నారని తెలిసెను. వారు కొయ్య అచ్చుపై కాగితపు పొరలు పరచి, జిగురుతో అతికి, ఆరబెట్టి, నీరు చొరకుండ వార్నిషు పూసెడివారు. అట్లు చేసిన 14 అడుగుల పడవ బరువు 58 పౌనులు మాత్రమే. బిషప్ కొయ్య పడవను, సహాయకుని విడిచిపెట్టి, ఆ తేలిక పడవలో ఒంటరిగా తెడ్లు వేసికొనుచు ఫ్లోరిడా రాష్ట్రమువరకు పోయెను. 1878లో తన యాత్రను గ్రంథముగా ప్రకటించెను. అమెరికా తూర్పుతీరమున విహారమునకై పడవ నడుపువారు నేటికిని ఆయనను తలచుకొందురు.

అంత చిన్న పడవ అట్లాంటిక్ మహాసముద్రపు అలలకు ఎట్లు తాళినదని మీకు సందేహము కలుగవచ్చును. ఆయన చాలవరకు బయటి సముద్రములోనికి పోనేలేదు. ఆ తీరమునకు ఒక ప్రత్యేకత కలదు. పులికాటు సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమ మన శ్రీహరికోట నిలిచియున్నట్లే, అక్కడ ఒడ్డునకు సమాంతరముగా సన్నని ఇసుక దీవులు వరుసగా నిలిచియున్నవి. వాటికి వెలుపల, ముఖ్యముగా హాటరస్ అగ్రము వద్ద, ఎన్నో ఓడలు పగిలిపోవుటచేత, ఆ ప్రాంతమునకు అట్లాంటిక్ శ్మశానమని పేరు వచ్చెను. లోపలివైపున మాత్రము విశాలమైన ఉప్పుటేరులు, సరస్సులు, చిత్తడి నేలలు ఉన్నవి. ఈ జలాశయములన్నియు ఒకదానితో నొకటి కలిసియున్నచో, సముద్రమునకు ప్రక్కనే, సముద్రభయము లేని మరొక దారి ఏర్పడును గదా!

ఈ ఆలోచన బిషప్ కంటె చాల పూర్వపుది. 1808లో అమెరికా ఆర్థికమంత్రి అల్బర్ట్ గాలటిన్ రోడ్లు, కాలువలను గురించి తమ సెనెటుకు ఒక నివేదిక సమర్పించెను. తీరము పొడుగున లోపలి జలమార్గమునకు అడ్డువచ్చునవి నాలుగు భూకంఠములు మాత్రమేయనియు, వాటిని త్రవ్వినచో ఉత్తరమునుండి దక్షిణమునకు నెమ్మదిగా పోవచ్చుననియు ఆయన చూపెను. ఆ నాలుగింటిలో ఒకచోట అప్పటికే ఒక కాలువ ఉండెను. అది వర్జీనియా, ఉత్తర కెరొలైనా రాష్ట్రముల సరిహద్దులో, డిస్మల్ స్వాంప్ అను మహారణ్యపు చిత్తడిలో త్రవ్వినది. దిగులు గొలుపు చిత్తడి అని దాని పేరునకు అర్థము.

ఆ 22 మైళ్ల కాలువ త్రవ్వకము 1793లో ఆరంభమై, 1805లో పడవలు నడచునంతవరకు వచ్చెను. త్రవ్వినవారు బానిసలు. యజమానులు వారిని కాలువ కంపెనీకి అద్దెకిచ్చి, కూలి తాము పుచ్చుకొనిరి. నడుము లోతు బురదలో, దోమలనడుమ, చెట్ల వేళ్లను నరకుచు వారు ఆ దారి చేసిరి. మోజెస్ గ్రాండీ అను బానిస ఆ కాలువలోనే సరుకు పడవలకు నాయకుడుగా పనిచేసెను. డబ్బు కూడబెట్టి తన స్వేచ్ఛను తాను కొనుక్కొనబోయెను. ఒక యజమాని ధర అంతయు పుచ్చుకొని అతనిని వేరొకనికి అమ్మివేసెను. రెండవవాడును అట్లే మోసగించెను. మూడవసారి చెల్లించిన పిమ్మటగాని అతనికి విముక్తి లభింపలేదు. 1843లో లండనులో వెలువడిన అతని ఆత్మకథలో ఆ చిత్తడిలోని పని ఎట్టిదో చదివినవారికి, నేడు ఆ నిర్మలమైన నల్లని నీటిపై విహరించుట కేవలము వినోదముగా తోచదు.

1859లో దాని ప్రక్కనే, ఆవిరి యంత్రములతో త్రవ్విన ఆల్బెమార్ల్–చెసపీక్ కాలువ తెరువబడెను. తరువాత రైళ్లు వచ్చెను. కాలువ కంపెనీల రాబడి తగ్గెను. ఇరువదవ శతాబ్దిలో కేంద్రప్రభుత్వము వాటిని కొని, మిగిలిన భాగములను త్రవ్వించి, 1936 నాటికి నార్ఫోక్ నుండి మయామి వరకు దారి నంతను ఒకటిగా కలిపెను. నార్ఫోక్ వద్ద సున్న మైలు. మయామి రమారమి 1,090వ మైలు. దారిలో ఎక్కువ భాగమునకు నిర్ణయించిన లోతు 12 అడుగులు. 1942లో జర్మను జలాంతర్గాములు ఆ తీరమున ఓడలను వరుసగా ముంచుచుండగా, ఈ లోపలి దారి చమురు పడవలకు రక్షణ నిచ్చెను.

యుద్ధానంతరము సరుకు పడవలు క్రమముగా తగ్గి, విహారనౌకలు పెరిగెను. శీతకాలము రాబోవుచుండగా ఉత్తరాది కుటుంబములు తమ చిన్న నౌకలలో వలసపక్షులవలె దక్షిణమునకు పోయి, వసంతములో తిరిగి వచ్చుట ఆచారమైనది. నౌకలోనే వంట, నౌకలోనే నిద్ర. రోజునకు నలుబది, ఏబది మైళ్లు నడచి, చీకటిపడకముందే లంగరు వేయుదురు.

ఇంతటితో దారి సిద్ధమైనదని తలచితిమా, పొరపాటు. కాలువ త్రవ్వుట ఒకనాటి పని. దానిని నిలుపుట ప్రతిదినపు పని. దీవుల నడుమ గండ్లగుండ పోటునీరు లోనికి వచ్చునప్పుడు ఇసుకను మోసికొని వచ్చును. వేగము తగ్గినచోట ఆ ఇసుకను దింపును. ఉత్తర కెరొలైనాలోని లాక్‌వుడ్స్ ఫాలీ గండివద్ద ఎన్నిమారులు త్రవ్వినను మేట మరల పడుచునే యుండును. జార్జియాలో పోటుపాటుల నడుమ నీటిమట్టము ఏడు మొదలు తొమ్మిది అడుగులవరకు మారును. అక్కడ పోటు సమయమున సుఖముగా పోయిన నౌక, పాటు సమయమున బురదలో ఒరిగి కూర్చుండును. కావున అనుభవజ్ఞులు అనుమానమున్న చోటును నీరు పెరుగుచుండగనే దాటుదురు. తగిలినను, వచ్చెడి నీరే నౌకను లేవనెత్తును. 2016లో మాథ్యూ తుపాను తరువాత డిస్మల్ స్వాంప్ కాలువయే ఒక సంవత్సరమునకు పైగా మూతపడినది.

అందుచేత ఈ దారిలో పటముకంటె విలువైనది వార్త. పూర్వము సీసపుగుండు కట్టిన త్రాడును నీటిలో విడిచి లోతు చూచెడివారు. ఇప్పుడు శబ్దతరంగములతో కొలుచు యంత్రములున్నవి. తీరరక్షక దళము నావికులకు హెచ్చరికలు ప్రకటించును. బోయలను ఇసుకతోపాటు జరుపుచుండును. సైనిక ఇంజనీర్లు లోతులు కొలిచి ప్రచురింతురు. వీటికి తోడు, ముందుపోయినవారు వెనుకవచ్చువారికి చెప్పు మాట ఒకటి కలదు. ఫలానా బోయ దాటిన పిదప ఎడమకు ఒదిగి పొండు, నడుమ మేట వేసినది అని రేడియోలో వినబడు ఒక్క ముక్క, ఒక కుటుంబపు నౌకను కాపాడును. చెప్పినవానికి విన్నవాని ముఖము తెలియదు, అయినను చెప్పును.

ఇచ్చట ఒక చిక్కు లేకపోలేదు. 1978 నాటి చట్టము ప్రకారము ఇట్టి జలమార్గములలో సరుకు పడవలు వాడు ఇంధనముపై ప్రత్యేకమైన పన్ను కలదు. విహారనౌకలకు అది వర్తింపదు. ప్రభుత్వము త్రవ్వకములకు ధనము కేటాయించునప్పుడు సరుకు తూకమునకే ప్రాధాన్యమిచ్చును. సరుకు తగ్గినకొలది ధనము తగ్గినది. ధనము తగ్గినకొలది ఇసుక పెరిగినది. కాగితముమీద 12 అడుగులున్న చోట, నీటిలో 12 అడుగులు లేకపోవుట సామాన్యమైనది.

ఈ కథ మనకు దూరదేశపు కథగా తోచునా? పెదగంజామునుండి మదరాసు మీదుగా మరక్కాణమువరకు, బంగాళాఖాతపు ఒడ్డువెంట సుమారు 420 కిలోమీటర్లు సాగిన బకింగ్‌హామ్ కాలువ మనకు ఉన్నది. 1806 నాటికి మదరాసు, ఎన్నూరుల మధ్య దానికి బీజము పడినది. 1876–78 నాటి ఘోరమైన కరువులో, గంజికై వచ్చిన బీదజనమే మదరాసు నగరములోని భాగమును త్రవ్విరి. అప్పటి గవర్నరు పేరు కాలువకు నిలిచినది. త్రవ్వినవారి పేర్లు నిలువలేదు. కాకినాడనుండి మదరాసువరకు పడవలు గోదావరి, కృష్ణా డెల్టా కాలువలగుండ, కొమ్మమూరు కాలువ దాటి, దీనిలో ప్రవేశించెడివి. బియ్యము, ఉప్పు, శ్రీహరికోట వంటచెరకు ఈ నీటిమీదనే పోయెను. రైలు, లారీ వచ్చినవి. 1965, 1966 తుపానులు కట్టలను, లాకులను దెబ్బతీసెను. పడవలు నిలిచిన పిమ్మట లోతు కొలుచువాడు లేకపోయెను. కాలువ పూడినది.

అయినను 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఆ పూడిన కాలువయే పొంగిన నీటిని కొంత తనలోనికి తీసికొని, వెనుకనున్న పల్లెలకు నష్టము తగ్గించెనని శాస్త్రజ్ఞులు వ్రాసిరి. 2008లో ప్రభుత్వము దానిని నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చినది. పేరు పెట్టుట సులభము. ఏ లాకువద్ద ఎంత నీరున్నదో, ఏ మలుపులో మేట వేసినదో చూచి, రేపటి పడవకు చెప్పు మనిషిని నిలుపుట కష్టము.

డిస్మల్ స్వాంపులో బానిస పార పట్టెను. మదరాసులో కరువుబాధితుడు గంపనెత్తెను. వారిరువురును తాము త్రవ్విన నీటిమీద సుఖముగా పయనించి యెరుగరు. వారి శ్రమకు మనము చెల్లింపదగిన కృతజ్ఞత ఒక్కటే: దారిని పూడిపోనీయకుండుట. దారి తెరచియున్నచో కాగితపు పడవయు గమ్యము చేరును.