గంట కొట్టినవాడి లెక్క

చిన్నరసాలు దిగే రోజుల్లో ఒకసారి మా రెడ్డిగూడెం గుడి పందిట్లో అష్టావధానం పెట్టారు. లెక్కల మాస్టారివి కదా అని నా చేతికి కంచు గంట ఇచ్చారు. అవధానిగారు ఒకరికి సమస్య పూరిస్తూ, ఇంకొకరి నిషిద్ధాక్షరి తప్పించుకుంటూ ఉంటే, నాకు తోచినప్పుడల్లా గంట కొట్టాలి. ఎన్ని కొట్టానో చివర్లో ఆయన చెప్పాలి. ‘23’ అన్నారు. పద్యాల్లో పడి నేనే లెక్క తప్పాను! పక్కన మావాడు చీటీ మీద గీతలు పెట్టబట్టి పరువు దక్కింది. 23 గీతలే.

ఈ విద్య మాకు పరాయిది కాదు. 19వ శతాబ్దిలో అష్టావధానానికి పేరు తెచ్చిన మాడభూషి వేంకటాచార్యులు నూజివీడు ప్రాంతం వారే. ఆ తర్వాత తిరుపతి వేంకట కవులు సంస్థానాలన్నీ తిరిగి దాన్ని జనంలోకి తెచ్చారు. 2022లో నూజివీడు ఏలూరు జిల్లాకూ, మేం ఎన్టీఆర్ జిల్లాకూ పోయాం గానీ ఆచార్యులవారి మీద హక్కు వదులుకోం.

ఆలోచిస్తే ఆ గంట ఒక కొలత. మోస్తున్న మనసు మీద ఇంకాస్త బరువు వేసి, ఏది జారుతుందో చూడటం. అమెరికాలో ఇదే కొలవడానికి కంటిపాపను పట్టుకున్నారు. 1964లో ఎకార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ ఐదుగురి చేత నోటిలెక్కలు చేయించి కళ్లను ఫిల్ము తీశారు. 16ని 23తో గుణించమంటే పాప విచ్చుకుంటూ పోయి, జవాబు చెప్పగానే ముడుచుకుంది. 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ సెకనుకో అంకె వినిపించారు. అంకె అంకెకీ పాప పెరిగింది, తిరిగి అప్పజెబుతుంటే తగ్గుతూ వచ్చింది. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న కానెమన్ ఈయనే.

ఇది చదివాక మనవణ్ణి వసారాలో కూర్చోబెట్టి 17 ఆర్లు ఎంతరా అని కళ్లలోకి చూశాను. వాడు పైకప్పు చూశాడు. పైగా మన ముదురు గోధుమరంగు కళ్లలో పాప ఎక్కడ మొదలవుతుందో మామూలు చూపుకి అందదు, అందుకే ఇప్పుడు పరారుణ కెమెరాలు వాడతారు. వెలుతురును బట్టి పాప 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. ఆలోచనకు పెరిగేది మహా అయితే అర మిల్లీమీటరు. మబ్బు పట్టినా చాలు, లెక్క తారుమారు.

మా పందిరికి గంటే మేలు. అది ఇంకా మా ఇంట్లోనే ఉంది. అవధానం పెట్టేవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి, గీతలు పెట్టే కుర్రాణ్ణి మాత్రం మీరే చూసుకోవాలి.