ఐర్లండు ఇంటిపేర్లు

మన ఇంటిపేర్లలో పెక్కింటికి ఏదో ఒక ఊరు మూలము. తంగుటూరివారనగానే తంగుటూరు స్ఫురించును. ఐర్లండు దేశపు ప్రాచీనములైన ఇంటిపేర్లలో చాల భాగము అట్లు ఊరినుండి గాక మనిషినుండి పుట్టినవి. 'నీ తాత యెవరు?' అను ప్రశ్నకు ఆ పేరే సమాధానము.

ఆ పేర్ల మొదట తరచుగ వినవచ్చు మాటలు రెండు. 'మాక్' అనగా కుమారుడు. 'ఓ' అనగా మనుమడు, వంశీయుడు. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధమున మరణించిన బ్రియన్ బోరూ రాజు సంతతివారే ఓబ్రియన్లు. వంశపారంపర్యమైన ఇంటిపేరు ఐరోపాలో తొలుత పాదుకొన్న దేశములలో ఐర్లండు ఒకటి. పది, పదునొకండవ శతాబ్దములనాటికే అది అచ్చట కనిపించును.

ఈ పేర్ల అర్థములు మనోహరములు. మర్ఫీ యనగా సముద్రయోధుని వంశీయుడు. హికీ వైద్యుని వంశీయుడు. మెగోవన్ కమ్మరి కుమారుడు. వార్డ్ కవి కుమారుడు. మనకు రామదాసు ఎట్లో వారికి గిల్లా పాద్రిగ్ అట్లు. పాట్రిక్ మహనీయుని సేవకుడని దాని భావము. ఆ వంశమే తరువాత ఫిట్జ్‌పాట్రిక్ అయినది. 'ఫిట్జ్' 1169 తరువాత వచ్చిన నార్మనుల మాట. దానికిని కుమారుడనియే అర్థము.

ఈ పేర్లపై పాలకుల కన్ను పడినది. 1465లో చేసిన చట్టమొకటి డబ్లిన్, మీత్, లూత్, కిల్డేర్ మండలములలోని ఐరిష్‌వారు ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో, పదవి పేరో ఇంగ్లీషున ఇంటిపేరుగ పెట్టుకొనవలెననియు, కాదన్నవారి సొత్తు జప్తు చేయవలెననియు శాసించినది. పదునేడవ శతాబ్దమున దేశీయ ప్రభువంశములు కూలిన పిదప 'ఓ', 'మాక్' అను మాటలు అనేకుల పేర్లనుండి జారిపోయినవి. కావన్ ప్రాంతమున మెగోవన్లు పెక్కుమంది స్మిత్‌లైరి. అర్థమైన దొరకినది, వంశపు జాడ పోయినది. కొన్ని యెడల అర్థమును దక్కలేదు. మాక్ కన్రీ అను పేరు చివర 'రాజు' అను మాట యున్నదని భ్రమపడి, దానిని కింగ్ అని మార్చిరి.

1892లో డగ్లస్ హైడ్ తన యుపన్యాసమున స్వంత పేర్లను తిరిగి గైకొనుడని తన ప్రజలను వేడెను. మరుసటి యేట గేలిక్ లీగ్ వెలసినది. పెక్కు కుటుంబములు పోయిన 'ఓ'ను మరల చేర్చుకొనినవి. అయితే మరపు ఎంత లోతుగ దిగినదనగా, నిజమునకు 'మాక్' గల గార్మన్‌లు ఓగార్మన్‌లైరి. పేరు తిరిగి వచ్చినది గాని, సరియైన పేరు రాలేదు.

ఆ యుద్యమము సాగుచున్న దినములలో, 1913 నుండి 1916 వరకు, మన వరాహగిరి వేంకటగిరిగారు డబ్లినులో న్యాయశాస్త్రము చదివిరి. తరువాత రాష్ట్రపతియైన ఆయనను లోకము వి. వి. గిరి అనియే యెరుగును. వారి 'ఓ'ను చట్టము, దైన్యము తుడిచివేసినవి. మన ఇంటిపేరు ఏ చట్టమును లేకయే ఒక్క ఇంగ్లీషు అక్షరమునకు కుదించుకొనిపోయినది. ఆ అక్షరము వెనుక ఉన్న పూర్తి పేరేదో, అది ఎచ్చటినుండి వచ్చినదో, ఇంటిలో పెద్దలుండగనే పిల్లలు అడిగి తెలిసికొందురుగాక!